పై అంతస్తుకి వైఫై అందట్లేదు: ఆరు యాంటెనాల రౌటర్ కొంటే సరిపోతుందా?

పైగది_తెనాలి

నమస్కారం అండీ. మాది జి ప్లస్ వన్, 150 గజాల ఇల్లు. ఒక్కో అంతస్తు సుమారు 900 చదరపు అడుగులు. ఫైబర్ కనెక్షన్, 200 ఎంబీపీఎస్ ప్లాన్. కనెక్షన్‌తో పాటు ఇచ్చిన బాక్సు కింద హాల్లో, టీవీ వెనక గోడకి ఉంది. హాల్లో ఫోన్‌లో 170–180 వస్తోంది. పైన వెనక బెడ్‌రూమ్‌లో ఆఫీసు పని, అక్కడ 6 నుంచి 10. సాయంత్రం ఏడు దాటితే వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది.

షాపులో రెండు చూపించారు. ఒకటి ఆరు యాంటెనాల ఏఎక్స్3000 రౌటర్, 4,500. రెండోది ప్లగ్‌లో గుచ్చే ఎక్స్‌టెండర్, 1,800. పాత బాక్సు తీసేసి కొత్త రౌటర్ పెట్టేయొచ్చా? మొత్తం 12 డివైజులు: ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, టీవీ, గేటు దగ్గర వైఫై కెమెరా.

రాగితీగ

ముందు ఒక మాట. ఆ బాక్సు తీసేయలేరు. దాన్ని ఓఎన్‌టీ అంటారు, ఫైబర్ తీగలో వచ్చే వెలుగుని ఇంటర్నెట్‌గా మార్చేది అదే. దాని సీరియల్ నంబరు కంపెనీ వైపు నమోదై ఉంటుంది. షాపులో దొరికే మామూలు రౌటర్‌కి ఫైబర్ గుచ్చే రంధ్రమే ఉండదు. ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా బాక్సుకే తగిలించి ఉంటే, బాక్సు తీసిన రోజే అదీ పోతుంది. కొత్త రౌటర్ ఏదైనా దాని తర్వాతే కూర్చోవాలి.

డబ్బు పెట్టే ముందు మూడు కొలతలు తీయండి, పావుగంట పని.

ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో బాక్సుకి కలిపి, వైఫై ఆపి, స్పీడ్ టెస్ట్ చేయండి. 190 పైన వస్తే లైను బాగున్నట్టే. 92–95 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే కేబుల్‌లో ఎనిమిది తీగల్లో నాలుగే కలిసి ఉండొచ్చు, లేదా బాక్సుదో ల్యాప్‌టాప్‌దో పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయి ఉండొచ్చు. వేరే కేబుల్‌తో, వేరే పోర్టులో మళ్లీ చూడండి.

రెండోది, అదే పరీక్ష సాయంత్రం ఏడున్నరకి కేబుల్ మీదే చేయండి. అప్పుడూ పడిపోతే తప్పు వైఫైది కాదు, ఏ రౌటరూ దాన్ని బాగుచేయదు. బాక్సు సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అని ఉంటే చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (బలం కొలత, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ నీరసం) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే కనెక్టరు మురికో, తీగ ఎక్కడో మడత పడిందో అయి ఉంటుంది, లైన్‌మన్‌ని పిలవాలి.

మూడోది, పై గదిలో ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ పెట్టి సిగ్నల్ అంకె చదవండి. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. వీడియో కాల్‌కి మైనస్ 67 దాకా సుఖం. మైనస్ 75 దాటితే ఆగి ఆగి నడుస్తుంది, 80 దాటితే ఉన్నా లేనట్టే. ఏ బ్యాండ్‌కి (2.4 గిగాహెర్ట్జ్‌కా, 5కా) పట్టుకుని ఉందో కూడా రాయండి.

మెష్_శాస్త్రి

ఎందుకండీ ఇంత తతంగం. రెండు యూనిట్ల మెష్ (కలిసి ఒకే వైఫైగా నడిచే రౌటర్ల జత) కొనండి, కింద ఒకటి, పై గదిలో ఒకటి. అయిపోయింది.

రాగితీగ

శాస్త్రి గారూ, పై గదిలో ఇప్పుడే సిగ్నల్ లేదు కదా. రెండో యూనిట్‌ని తీసుకెళ్లి అక్కడే పెడితే అది కూడా ఆ పాడు సిగ్నల్‌నే అందుకుని, నిండు గీతలతో చుట్టూ పంచుతుంది. ఫోన్‌లో నాలుగు గీతలూ ఉంటాయి, స్పీడు మాత్రం 10. పైగా చవక మెష్‌లో ఒకే రేడియో కింద యూనిట్ మాట వినాలి, మళ్లీ మీ ఫోన్‌కి చెప్పాలి. సగం అక్కడే పోతుంది. ఎక్స్‌టెండర్‌దీ ఇదే జబ్బు. మెష్ పెట్టేట్టయితే రెండోది మెట్ల మీద మలుపు దగ్గర, సిగ్నల్ మైనస్ 65 కంటే బాగున్నచోట ఉండాలి. లేదంటే మధ్యలో వైరు లాగాలి.

పైగది_తెనాలి

కొలిచాను అండీ. కేబుల్ మీద పగలు 194, రాత్రి 189. ఆప్టికల్ పవర్ మైనస్ 21. పై గదిలో 2.4 బ్యాండ్ మైనస్ 78, 5 బ్యాండ్ అసలు కనిపించట్లేదు. చుట్టుపక్కల ఇళ్లవి 14 వైఫైలు కనపడుతున్నాయి. గోడలో పాత డిష్ వైరు పైపు హాలు నుంచి పై గది దాకా ఉంది, డిష్ తీసేశాం.

చానెల్_ఆరు

అయితే లైను మంచిది, బాక్సూ మంచిదే. దోషం స్లాబుది. ఐదంగుళాల కాంక్రీటు, అందులో ఆరేడు అంగుళాలకో ఇనుప ఊచ. 5 గిగాహెర్ట్జ్ దాన్ని దాటడం కష్టం, 2.4 దాటినా నీరసంగా వస్తుంది. దానికి తోడు బాక్సు టీవీ వెనక ఉంది. టీవీ వెనక రేకు, బీరువా, పెద్ద అద్దం, నీళ్ల డ్రమ్ము, ఇవన్నీ సిగ్నల్‌కి అడ్డుగోడలే. ఆ 14 ఇళ్లూ సాయంత్రం ఒకేసారి మాట్లాడతాయి కాబట్టే ఏడు దాటితే మీకు మాట తెగుతోంది.

ఇక ఆరు యాంటెనాల సంగతి. యాంటెనాలు పెరిగితే దూరం ఆ లెక్కన పెరగదు. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, ఫోన్ చిన్న గొంతుతో చెప్పే జవాబు తిరిగి దానికి వినపడాలి కదా. ఫోన్‌లో ఉండేవి మామూలుగా రెండే యాంటెనాలు, బ్యాటరీ మీద నడిచేవి. కింద హాల్లో 4,500 రౌటర్ పెట్టినా స్లాబు స్లాబే.

డబ్బా మీది అంకె మోసపు లెక్క. రెండు బ్యాండ్ల స్పీడులూ కలిపి రాస్తారు. ఏఎక్స్1500 అంటే 2.4లో 300, 5లో 1201 ఎంబీపీఎస్. ఏఎక్స్1800 అంటే 574, 1201. ఏఎక్స్3000 అంటే 574, 2402. ఆ 2402 రావాలంటే చానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ పెట్టాలి, ఫోనూ దాన్ని పట్టగలగాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి. 160 పెడితే రాడార్లు వాడే చానెళ్ల మీదకి పోక తప్పదు. అక్కడ రౌటర్ మొదలయ్యే ముందు కనీసం నిమిషం సేపు చెవొగ్గి వినాలి, రాడార్ అలికిడి తగిలితే కాల్ మధ్యలోనైనా చానెల్ మార్చేయాలి. 200 ప్లాన్‌కి ఈ యాతన దేనికి?

మీకు ఏఎక్స్1800 తరగతి చాలు. ఏఎక్స్1500 కూడా నడుస్తుంది, కాకపోతే ఆ తరగతిలో చాలావాటికి 2.4 బ్యాండ్ ఇంకా పాత వైఫై 4 మాత్రమే. కొనేటప్పుడు పోర్టులు 10/100/1000 అని రాసి ఉందో లేదో తప్పకుండా చూడండి. ఒకే తరగతి పేరుతో రెండు రకాలూ అమ్ముతారు: టీపీ-లింక్ ఆర్చర్ సీ50, సీ6 రెండూ ఏసీ1200లే (ఏఎక్స్ కంటే పాత తరం), సీ50 పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి, సీ6వి గిగాబిట్. మొదటిది పెడితే మీ 200 ప్లాన్ 94 దగ్గర ఆగుతుంది, తప్పేమిటో తెలియదు. యాక్సెస్ పాయింట్ మోడ్ (తను అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉండాలి. రేపు ఇంకో యూనిట్ కలపాలనుకుంటే ఈజీమెష్ లాంటిది (యూనిట్లని కలిపి మెష్ చేసేది), అదీ వైరు మీద పనిచేసేది, ఉంటే మేలు. టెలిఫోన్ తీగ గుచ్చే పాత డీఎస్ఎల్ రకం చవకగా అంటగడతారు, అది వద్దు.

కొన్న రౌటర్ పై గదికి, పాత బాక్సు కింద హాల్లోనే. మధ్యలో ఆ డిష్ పైపులోంచి కేబుల్.

స్ప్లైసింగ్_బాబాయ్

ఆ పైపు దొరకడం మీ అదృష్టం. పాత డిష్ వైరుని లాగి పారేయకండి, అదే మీ లాగుడు తాడు. దాని కొసకి కొత్త కేబుల్‌ని టేపుతో నున్నగా, ముడి లేకుండా చుట్టి పైనుంచి ఒకరు లాగుతుంటే కింద ఒకరు తోయాలి. కనెక్టరు ముందే బిగించిన కేబుల్ మలుపుల్లో ఇరుక్కుంటుంది. ఉత్త కేబుల్ లాగి తర్వాత క్రింప్ చేయించండి, అంటే కొసలకి కనెక్టర్లు బిగించడం.

క్యాట్ 6 రకం లాన్ కేబుల్, పూర్తి రాగిది అడగండి. చవకది అల్యూమినియం మీద రాగిపూత. చాకుతో గీస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది, రెండుసార్లు వంచితే విరుగుతుంది. కొలిచిన దానికంటే రెండు చివర్లా ఒక్కో మీటరు ఎక్కువ తీసుకోండి, మీ ఇంటికి 15–20 మీటర్లు దాటదు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం వేయకండి.

క్రింప్ రెండు వైపులా ఒకే వరస: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఎనిమిదీ పడాలి. కెమెరాల కుర్రాళ్లు అలవాటు కొద్దీ నాలుగే వేసి వెళ్తారు, మళ్లీ అదే 94. బిగించాక ల్యాప్‌టాప్ పెట్టి లింక్ స్పీడు 1000 అని చూశాకే వాళ్లకి డబ్బులివ్వండి.

బాక్సుని టీవీ వెనక నుంచి పక్కకి జరిపేటప్పుడు ఆ సన్న ఫైబర్ తీగని గట్టిగా మడవకండి. చుట్ట చుడితే కాఫీ గ్లాసు చుట్టుకొలత కంటే చిన్నది కాకూడదు. ఆకుపచ్చ కనెక్టరు కొసని వేలితో ముట్టకండి. ఎర్ర లైటు వెలిగితే తీగ మడత చూసుకోండి.

పైగది_తెనాలి

చాలా థాంక్స్ అండీ. ఏఎక్స్1800 తీసుకుంటాను. సెట్టింగులు ఎలా? బ్రిడ్జ్ మోడ్ అని ఎక్కడో చదివాను, అది పెట్టాలా?

చానెల్_ఆరు

మీకు బ్రిడ్జ్ అక్కర్లేదు. బ్రిడ్జ్ అంటే బాక్సు ఉత్త మోడెమ్‌గా మారి, లాగిన్ పేరు, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు అన్నీ కొత్త రౌటర్‌లో వేసుకోవాలి. వాటికి కంపెనీకి ఫోన్ చేయాలి. కింద బాక్సు వైఫై కూడా చాలావాటిలో ఆగిపోతుంది. మీకు కింద వైఫై కావాలి కదా.

కొత్తదాన్ని ముందు కింద బాక్సు పక్కనే పెట్టి సెట్ చేయండి. బాక్సుకి కలపకుండా ల్యాప్‌టాప్‌తో దాని పేజీ తెరిచి, ఆపరేషన్ మోడ్‌లో యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి. అది రీస్టార్ట్ అయ్యాక బాక్సు లాన్ పోర్టు నుంచి దాని వాన్ పోర్టుకి (ఇంటర్నెట్ లోపలికి వచ్చేది) కేబుల్. ఇక అడ్రసులు పంచేది కింద బాక్సు ఒక్కటే. ఈ మోడ్ మార్చకుండా కలిపేస్తే ఇద్దరూ అడ్రసులు పంచుతారు. బ్రౌజింగ్ నడుస్తుంది కానీ కింద టీవీకి పైన ఫోన్ నుంచి వీడియో పంపలేరు. రెండూ 192.168.1.1 అని కూర్చుంటే నెట్టే ఆగొచ్చు. మోడ్ మార్చాక కొత్తదాని పాత అడ్రసు పనిచేయదు, కంగారు పడకండి. కింద బాక్సు పేజీలో డివైజుల జాబితాలో కొత్త అడ్రసు ఉంటుంది.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ రెండు చోట్లా ఒకటే పెట్టండి. అక్షరం తేడా ఉన్నా ఫోన్ దాన్ని వేరే వైఫై అనుకుంటుంది. చానెళ్లు మాత్రం వేరు. 2.4లో కింద 1, పైన 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే పక్కింటివాళ్లతో కొట్లాటే. 5లో కింద 36, పైన 149, వెడల్పు 80. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన రకం. ఉత్త 3 పెడితే గేటు కెమెరా కలవకపోవచ్చు.

స్ప్లైసింగ్_బాబాయ్

కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. పైది ఒక్కటే ఉంటే కింద బాక్సు ఆరిపోయి పైన ఉత్త వైఫై గుర్తు మిగులుతుంది. ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో బాక్సు రీస్టార్ట్ అవుతుంటే చిన్న 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ పెట్టండి. వోల్టులు అడాప్టర్ మీద రాసినన్నే ఉండాలి, ఆంపియర్లు అంతకు సమానమో ఎక్కువో ఉండాలి. రెండింటికీ ఒకటే వాడితే ఆంపియర్లు కూడుకోవాలి.

పైగది_తెనాలి

కేబుల్ పడింది, లింక్ 1000 చూపిస్తోంది. పై గదిలో 5 బ్యాండ్ మీద మైనస్ 44, స్పీడు 188. ఒక్కటే చిక్కు: కింద నుంచి పైకి వచ్చాక ఫోన్ ఇంకా కింద బాక్సునే పట్టుకు వేలాడుతోంది.

రాగితీగ

వదలాలా వద్దా అన్నది ఫోన్ నిర్ణయం, రౌటర్‌ది కాదు. పాత సిగ్నల్ బాగా నీరసించేదాకా అది వదలదు. కింద బాక్సు పేజీలో 2.4 ట్రాన్స్‌మిట్ పవర్ ఉంటే 100 శాతం నుంచి 50కి, చాలకపోతే 25కి దించండి. దించాక గేటు కెమెరా ఇంకా అందుతోందో లేదో చూసుకోండి. ఆ సెట్టింగే లేకపోతే పైకి వచ్చాక ఫోన్‌లో వైఫై ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.