బడిలో పిల్లలకు గుడ్డెలుగు గురించి ఏం చెప్పాలి? అమెరికా వీడియో చూపించవచ్చా?

బడి పంతులమ్మ (ములుగు జిల్లా)

నేను ఏటూరునాగారం అడవి అంచున ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. బడి వెనక గోడ దాటితే మక్క చేలు, అవి దాటితే అడవి. పోయిన వారం తోటి టీచర్ ఒకరు ఫోన్‌లో పిల్లలకు ఒక వీడియో చూపించారు. నల్ల ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో అమెరికా పిల్లలకు నేర్పే వీడియో అది. పరుగెత్తొద్దు, చేతులు పైకెత్తి పెద్దగా కనిపించాలి, గట్టిగా అరవాలి, మీద పడితే దొరికినదానితో దాని ముఖం మీద కొట్టాలి. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఇంటర్వెల్‌లో చూస్తే మూడో తరగతి పిల్లలు ఒకడిని ఎలుగును చేసి, చేతులు పైకెత్తి, అరుచుకుంటూ వాడి మీదికే పోతున్నారు. నా గుండె ఝల్లుమంది.

మన అడవుల్లో ఉన్నది ఆ ఎలుగు కాదు. రంగు ఒక్కటే కలుస్తుంది. మన గుడ్డెలుగు చెదలు, చీమలు, తేనె, పండ్లు తిని బతుకుతుంది. పైవరుసలో ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదలను పీల్చుకుంటుంది. వాసన బాగా పడుతుంది గానీ చూపు, వినికిడి అంత చురుకు కాదు. మనిషి దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు, తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది. పులులున్న అడవిలో పుట్టి పెరిగిన జాతి, బెదిరితే ఎదురు తిరగడమే దానికి తెలుసు.

ఎలుగు గురించి పిల్లలకు చెప్పి తీరాలని నా అభిప్రాయం. కానీ చెప్పేది మన ఎలుగు గురించి అయి ఉండాలి. మీరేమంటారు?

కాజీపేట నాన్న

మేడం, నాకు ఇద్దరు పిల్లలు, ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. మా అత్తగారి ఊరు మీ వైపే. పోయిన దసరాకు అక్కడ ఎవరో గుడ్డెలుగు మాట ఎత్తి, ఎవరి ముఖం ఎలా చీల్చిందో చెప్పారు. మా చిన్నది ఆ రాత్రి పక్క తడిపింది. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు లైటు వేసుకొనే పడుకుంది. ఆ వయసు పిల్లకు "మీద పడితే ఇలా చెయ్" అని నేర్పడం నాకు సరిగా అనిపించడం లేదు. పిల్లల్ని కాపాడే బాధ్యత పెద్దలది. చీకటి పడ్డాక బయటికి పంపొద్దు, ఒంటరిగా చేను దగ్గరికి పంపొద్దు. ఈ రెండు పెద్దలు పాటిస్తే పిల్లలకు వేరే పాఠం ఎందుకు?

తునికాకు ఇంటి బిడ్డ

అన్నా, మీ మాట కాదనను, కానీ మా ఊళ్లో అది కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సీజన్. అప్పుడు బడికి సెలవులు. ఎండ ముదిరేలోపు ఆకు తెంపాలని నాలుగింటికే లేస్తారు. పిల్లల్ని ఇంట్లో ఎవరి దగ్గర వదలాలి? తల్లుల వెంటే అడవికి వస్తారు. తెచ్చిన ఆకును పిల్లలే వరుసగా పేర్చి ఇస్తారు, 50 ఆకులకో కట్ట కట్టి సాయంత్రం ఆకు కొనే కల్లానికి తీసుకుపోతారు. ఆ రోజుల్లోనే తునికి పండ్లు పండుతాయి. దానికి ముందు ఇప్పపువ్వు రాలుతుంది. మనం ఏరే పువ్వునే ఎలుగూ తింటుంది, మనం లేచే వేళకే అదీ తిరుగుతుంది. పంపొద్దు అంటే ఆ ఇంటికి ఆ నెల కూలి పోయినట్టే.

నాకు పదేళ్లప్పుడు జరిగింది చెప్తాను. అమ్మ ముందు, నేను వెనక. ఇంకా మసక చీకటి. ఒక పెద్ద పుట్ట అవతల నుంచి చప్పుడు వినిపించింది. నీళ్లు అడుగంటిన బోరింగు కొడితే గాలి పీల్చుతుంది చూడండి, అచ్చం అట్లా. ఒకసారి బుస్సున ఊదడం, వెంటనే గర్రుమని పీల్చడం. అమ్మ ఆగి వెనక్కి చెయ్యి చాపి నా చొక్కా పట్టుకుంది. తల మొత్తం పుట్టలో పెట్టి ఉంది అది. మాకు కనిపించింది దుమ్ము కొట్టుకుపోయిన వీపు, ముందు కాలి గోర్లు. ఆ గోర్లు మా అమ్మ వేలంత పొడుగు. మా అడుగులు దానికి వినిపించనే లేదు. అమ్మ నోరెత్తలేదు. నా చొక్కా వదలకుండా అట్లనే ఒక్కొక్క అడుగు వెనక్కి వేసింది. బండ్ల బాట మీదికి వచ్చాకనే మాట్లాడింది.

మరుసటి ఏడు మా చిన్నమ్మ ఒక్కతే పోయింది. ఎదురుగాలి, ఆకుల చప్పుడు. ఏదీ వినపడక నేరుగా దాని మీదికే నడిచింది. ఒక కన్ను పోయింది. వరంగల్ దవాఖానాలో నెలకు పైగా ఉంది. ఇప్పటికీ పెళ్లిళ్లకు పోతే కొంగు ముఖం మీదికి లాక్కొని కూర్చుంటుంది.

కాబట్టి భయపడతారని చెప్పకుండా ఉండటం మా పిల్లల విషయంలో తప్పు.

ఓరుగల్లు నుంచి కొలరాడో

మాది హన్మకొండ. పన్నెండేళ్లుగా కొలరాడోలో ఉంటున్నాం. ఆ వీడియోలో చెప్పింది తప్పు కాదు, కాకపోతే ఇక్కడికి తగినది. కొలరాడోలో ఇప్పుడున్నవి నల్ల ఎలుగులే. పేరుకు నల్లవి గానీ చాలావాటి బొచ్చు గోధుమ రంగులో ఉంటుంది. అవి బెదిరితే ఎక్కువగా చెట్టెక్కుతాయి, లేదా పారిపోతాయి. ఇళ్ల దగ్గరికి వచ్చేది చెత్తడబ్బాల కోసం, పక్షులకు వేసిన గింజల కోసం, పెరట్లో పండ్ల కోసం. అందుకే మా అమ్మాయికి ఇక్కడ నేర్పినవాటిలో సగం తిండి గురించే. బ్యాగులో తిండి పెట్టి బయట వదలొద్దు, కారు తలుపు లాక్ చెయ్యి, చెత్తడబ్బా తెల్లవారాకే బయట పెట్టు. ఎదురైతే పరుగెత్తకుండా నిలబడి మాట్లాడుతూ వెనక్కి జరగాలి, దగ్గరికొస్తే పెద్దగా అరవాలి, మీద పడితే ఎదురు తిరిగి కొట్టాలి. నల్ల ఎలుగు దగ్గర చచ్చినట్టు పడుకోవద్దని గట్టిగా చెప్తారు.

కానీ ఇదే అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాల్లో గ్రిజ్లీ అనే ఎలుగు ఉంది. అది బెదిరి మీద పడితే మాట పూర్తిగా మారుతుంది. బోర్లా పడుకొని, మెడ మీద చేతులు పెట్టుకొని, కదలకుండా ఉండమంటారు. ఒకే దేశంలో రెండు ఎలుగులకు రెండు రకాలుగా చెప్పాల్సి వస్తే, ఇక్కడి మాట తీసుకెళ్లి ములుగు అడవిలో ఎట్లా వాడతాం? టీచర్ గారు ఆ వీడియో ఆపించడమే సరైనది.

కాజీపేట అన్నకు ఒక్క మాట. మా అమ్మాయి భయపడలేదు. ముఖం చీల్చిన కథ ఎవరూ చెప్పలేదు తనకు. ఏం చేయాలో మాత్రం ఆటలాగా చేయించారు. మీ పాపకు జరిగింది దానికి తలకిందులు, కథ విన్నది గానీ చేయడానికి ఏమీ దొరకలేదు.

గుట్టల మనిషి (కరీంనగర్)

ఇక్కడ ఎవరూ అసలు సంగతి ఎత్తడం లేదు. మా జిల్లాలో గ్రానైట్ గుట్టలు ఎట్లా కరిగిపోయాయో కళ్లారా చూశాను. ఆ బండల సందుల్లోనే ఎలుగులు పగలు పడుకునేవి, చలికాలంలో పిల్లలు పెట్టేవి. గుట్ట పోయాక అవి ఎక్కడికి పోవాలి? రాత్రి పూట మక్క చేలలోకి, పల్లి చేలలోకి వస్తాయి, దారి తప్పితే కాలనీల్లోకి వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది, పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది కాగితం మీద. దాని ఇల్లు పగలగొట్టి ఇప్పుడు పసిపిల్లలకు డ్రిల్లు నేర్పిస్తామా? రేపు ఏదైనా జరిగితే "పిల్లలకు చెప్పాం కదా" అని పెద్దలు చేతులు దులుపుకుంటారు. నా బాధ అది.

ఇంకొకటి. మా చిన్నప్పుడు ఎలుగును ఆడించేవాళ్లు ఊళ్లోకి వచ్చేవారు. దడుచుకున్న పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవారు, బొచ్చు తాయెత్తులో కట్టించేవారు. నన్నూ కూర్చోబెట్టారు. ముక్కులోంచి తాడు గుచ్చి ఉందని, పళ్లు పీకి ఉన్నాయని అప్పుడు తెలియలేదు. అది సాధుజంతువు అన్న నమ్మకం మా వయసువాళ్లలో ఇంకా ఉంది. పాఠం ముందు పెద్దలకు కావాలి.

బడి పంతులమ్మ (ములుగు జిల్లా)

కరీంనగర్ అన్నగారూ, గుట్టల గురించి మీరన్న ప్రతి మాటా ఒప్పుకుంటాను. కానీ గుట్టల సంగతి తేలేదాకా నా రెండో తరగతి పిల్ల ఆగదు, వచ్చే ఏప్రిల్‌లో వాళ్లమ్మ వెంట అడవికి పోతుంది.

ఏం చెప్పాలో రాసుకున్నాను. తప్పులుంటే చెప్పండి. అన్నిటికన్నా ముందు, దానికి దగ్గరగా పోకుండా ఉండటం. నడిచేటప్పుడు మాట్లాడుతూ, పాడుతూ, కర్ర నేలకు కొడుతూ పోవాలి. పుట్టలో తల పెట్టినదానికి మన అడుగులు వినపడవు కాబట్టి ముందే వినిపించాలి, దూరం నుంచి వింటే అదే తప్పుకుంటుంది. గుంపుగా పోవాలి, చీకట్లో టార్చి ఉండాలి. కొత్తగా తవ్విన పుట్ట కనిపిస్తే, పండ్ల గింజలున్న పెంట కనిపిస్తే వెనక్కి రావాలి. కుక్కను వెంట తీసుకుపోవద్దు. అది ఎలుగును రెచ్చగొట్టి, తరిమితే మళ్లీ మన కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద మోస్తుంది, వీపు మీద గడ్డలాగా ఏదైనా కనిపిస్తే అవి పిల్లలు, ఆ తల్లి మరింత ప్రమాదం. అది మనల్ని చూడకపోతే తునికాకు తమ్ముడి వాళ్లమ్మ చేసినట్టు చప్పుడు లేకుండా వెనక్కి అడుగులు వేయాలి. రాళ్లు విసరొద్దు, ఫోన్ తీయొద్దు.

పిల్లలందరికీ తెలిసిన ఇద్దరు మిత్రుల కథ కూడా సరిదిద్దాలి. అందులో ఒకడు చెట్టెక్కి బతుకుతాడు. మన ఎలుగు తేనె కోసం చెట్లెక్కుతుంది.

ఇక మీద పడితే బోర్లా పడుకొని, వేళ్లు కలిపి మెడ వెనక పెట్టుకొని, మోచేతులతో చెంపలు కప్పుకోవాలి. మన ఎలుగు ముఖాన్నీ తలనూ పట్టుకుంటుంది కాబట్టి వాటిని దాచుకోవాలి. అది పోయాక 108కి ఫోన్. గీత పడినా సరే కుక్కకాటుకు వేసే సూదులు వేయించాలి.

కాజీపేట నాన్న

మిగతాదంతా ఒప్పుకుంటున్నాను మేడం. కొలరాడో తమ్ముడి మాటతో నా ఆలోచన కొంత మారింది, ఆటలాగా చెప్తే మా పాప వింటుంది. కానీ ఆ చివరిది మాత్రం వద్దు. ఆరేళ్ల పిల్లకు "పడుకో" అని నేర్పితే ఎలుగు వంద అడుగుల దూరంలో కనిపించినా అక్కడే పడుకుంటుంది. మెల్లగా తప్పుకోవాల్సిన చోట పడుకుంటే?

తునికాకు ఇంటి బిడ్డ

మా ఊళ్లో మగవాళ్లు గొడ్డలి తిప్పి తప్పించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ బోర్లా పడుకోవడం నచ్చదు. కానీ వాళ్ల చేతిలో గొడ్డలి ఉంది, పక్కన మనుషులున్నారు. పిల్లల దగ్గర ఏముంటుంది? మెడ, ముఖం దాచుకోవడం తప్ప ఇంకో దారి నాకు కనపడటం లేదు. మా చిన్నమ్మకు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

బడి పంతులమ్మ (ములుగు జిల్లా)

ఈ రోజు బడి ఆవరణలో చేయించి చూశాను. ఐదో తరగతి పిల్లవాడిని వేపచెట్టు కింద ఎలుగుగా కూర్చోబెట్టి, మిగతావాళ్లను గుంపులుగా రమ్మన్నాను. పెద్ద తరగతులవాళ్లు బాగా చేశారు, పాడుకుంటూ వచ్చారు, చూసి ఆగారు, వెనక్కి జరిగారు. రెండో తరగతిలో ముగ్గురు మాత్రం చెట్టు ముప్పై అడుగుల దూరంలో ఉండగానే బోర్లా పడుకొని మెడ పట్టుకున్నారు. కాజీపేట నాన్నగారు చెప్పిందే జరిగింది.

కాబట్టి మూడో తరగతి దాకా ఆ చివరి మాట చెప్పను. నాలుగు, ఐదు తరగతులకు చెప్తాను. చిన్నవాళ్లకు "అమ్మ చెయ్యి వదలొద్దు, అమ్మ ఆగితే ఆగు, అమ్మ వెనక్కి వస్తే రా" అంటాను. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఆ ముగ్గురిలో ఒక పాప వాళ్లమ్మతో అడవికి పోయే పిల్లే. తల్లి పడిపోతే ఆ పిల్ల ఏం చేయాలి? బుధవారం తల్లులను బడికి పిలుస్తున్నాను. వాళ్లనే అడుగుతాను.

తునికాకు ఇంటి బిడ్డ

మేడం, మా అమ్మను కూడా పిలవండి, వస్తుంది. పాఠం చెప్పడం ఆమెకు రాదు. కానీ పుట్ట దగ్గర ఆ ఎలుగు ఊది పీల్చే చప్పుడు నోటితో చేసి చూపిస్తుంది. నా చిన్నప్పుడు అడవికి పోయే ముందు రోజు రాత్రి మాకందరికీ చేసి చూపించేది, ఇది వినపడితే నా చొక్కా పట్టుకో అని.