బూరుగ కొమ్మ మీద పికిలి పిట్టలు అతికించినట్టు కనిపిస్తున్నాయి, ఏం చెయ్యాలి?

గుణుపూర్ రంగులు:
మా ఊరి బడి గోడ మీద పిట్టల బొమ్మలు వెయ్యమన్నారండి. పూసిన బూరుగ కొమ్మ మీద పికిలి పిట్టల జంటని వేశాను. నెత్తిన నల్ల జుట్టు, తోక కింద ఎరుపు అన్నీ కుదిరాయి, కానీ ఎక్కడో కత్తిరించి తెచ్చి కొమ్మకి అతికించినట్టున్నాయి. అమెరికాలో పిట్టల బొమ్మలకి పేరుపడ్డ పాతకాలం చిత్రకారుడు ఆడుబాన్ వేసిన మాకింగ్‌బర్డ్ అనే పిట్టల బొమ్మ ఫోన్‌లో చూశాను. పసుపు పూల తీగ, గూడు, గూటి దాకా పాకిన పాము, చుట్టూ నాలుగు పిట్టలు, చూస్తుంటే వాటి అరుపు వినిపిస్తోంది. నాకెందుకు అలా రావట్లేదు? ఆకులు ఇంకా సన్నగా గియ్యాలా? ఫోటో పెట్టాను, చూడండి.

పర్లాకిమిడి పిట్టలు:
ఆకుల సంగతి కాదు తమ్ముడూ. ఆ బొమ్మలో నాలుగు పిట్టలకీ ఒకటే పని, పాముని తరమడం. నీ పిట్టలు రెండూ ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఆడుబాన్ పిట్టల్ని తుపాకీతో కొట్టి, లోహపు తీగలు గుచ్చి, గళ్లు గీసిన చెక్క మీద కదులుతున్నట్టు నిలబెట్టి, అసలు సైజులోనే గీసేవాడు. 1827 నుంచి 1838 దాకా అలాంటివి 435 బొమ్మలు అచ్చయ్యాయి. వాటిలో ఓ యాభై దాకా బొమ్మలకి కొమ్మలూ పువ్వులూ వేసింది జోసెఫ్ మేసన్ అనే కుర్రాడు, అచ్చులో మాత్రం అతని పేరు లేదు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. నువ్వు పిట్టని చంపక్కర్లేదు, పొద్దున్నే వెళ్లి చెట్టు కింద ఓ గంట కూర్చుంటే చాలు.

నాగావళి గట్టు:
ఫోటో చూశానండీ. పువ్వులతో పాటు కొమ్మ నిండా ఆకులు వేశారు. బూరుగ పూసే రోజుల్లో చెట్టుకి ఆకు ఎక్కడుంటుంది? మోడు కొమ్మలూ, ఎర్రటి పువ్వులూ అంతే. తప్పు అక్కడే ఉంది, పిట్టల్లో కాదు. ఆ జాతి పాము చెట్టెక్కుతుందా అని ఆడుబాన్‌నే అప్పట్లో నిలదీశారు, మన పిల్లలు మిమ్మల్ని అడగరా? రాయగడ వైపు మా అమ్మగారింటి వెనక ఒక బూరుగ ఉంది, మాఘమాసం వస్తే తేనె కోసం పికిలి పిట్టలు, గోరింకలు, కాకులు అన్నీ దాని మీదే, ఒకటే గోల. ఒక పిట్ట తల పువ్వులో దూర్చినట్టు వెయ్యండి, ముఖానికి పుప్పొడి అంటించండి. రెండోది జుట్టు నిక్కబొడుచుకుని గోరింక మీద కసురుకోవాలి.

పర్లాకిమిడి పిట్టలు:
అమ్మ చెప్పింది నిజం, ఆకులు నేను గమనించనే లేదు. ఇంకో గోడ ఉంటే గిజిగాడిని వెయ్యి తమ్ముడూ. వంశధార పక్కన ఈత చెట్లకి వేలాడే సగం అల్లిన గూడు, దాని మీద రెక్కలు కొట్టుకుంటూ మగపిట్ట, గూడు నచ్చిందో లేదో చూసుకుంటూ ఆడపిట్ట. ఆడపిట్టకి నచ్చాకే వాడు మిగతాది అల్లుతాడు.

గుణుపూర్ రంగులు:
పదేళ్లుగా ఆ చెట్టు కిందనుంచే బజారుకి వెళ్తున్నాను, పూతప్పుడు ఆకుందో లేదో ఎప్పుడూ చూడలేదండి. రేపే ఆకుల మీద ఆకాశం రంగు కొట్టేస్తాను. గోరింకని పై కొమ్మ మీద పెట్టనా, కింద కొమ్మ మీదా?