టెస్టింగ్ ఫెయిలయ్యాక టీమ్ డీలా పడింది. మళ్లీ ఎలా నిలబెట్టాలి?

రాయగడ_సైట్: గుణుపురం వైపు ఊళ్లకు తాగునీటి పైపులైను వేస్తున్నాం. ప్రెజర్ టెస్టింగ్‌లో ఒక వంపు దగ్గర థ్రస్ట్ బ్లాక్ (నీటి తోపుడుకు పైపు జరగకుండా ఆపే కాంక్రీటు దిమ్మ) కదిలి జాయింట్ ఊడిపోయింది. కాంక్రీటు సరిగ్గా గట్టిపడకముందే పంపు ఆన్ చేశారు. సరే అన్నది ఒక కుర్ర ఇంజనీరు. రిపేరు అయిపోయింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ టీమ్ మునుపటిలా లేదు. ఇప్పుడు గొయ్యి పూడ్చాలన్నా "సార్, మీరే చెప్పండి" అని ఫోను. ఆ కుర్రాడు భోజనానికి కూడా మాతో కూర్చోవడం లేదు. ఆదివారం బిర్యానీ పెట్టించాను. తిన్నారు, వెళ్లిపోయారు.

బరంపురం_రిటైర్డ్: బిర్యానీ సంగతి తర్వాత బాబూ. గట్టిపడకుండానే టెస్టింగ్ పెట్టమని తొందరపెట్టింది ఎవరు?

రాయగడ_సైట్: పై ఆఫీసు, గురువుగారూ. ఇన్‌స్పెక్షన్ తేదీ ముందుకు జరిపారు.

బరంపురం_రిటైర్డ్: ఆ ముక్క మీవాళ్లకు ఎవరైనా చెప్పారా? వాళ్ల లెక్కలో తప్పంతా ఆ పిల్లాడి నెత్తినే ఉంది. రేపు మన వంతు అనుకుంటున్నారు. అందుకే ఆ ఫోన్లు. నిర్ణయం నీదైతే తిట్లూ నీకే కదా! ముందు అందరి ఎదుటా తేదీ విషయం చెప్పు, ఆ తర్వాతే కుర్రాడి సంగతి. 1979 ఆగస్టు 10న ఇస్రో రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో కూలితే, విలేకరుల ముందు మాటలు పడింది అప్పటి ఇస్రో ఛైర్మన్ ధావన్‌గారు. మరుసటి ఏడాది జులైలో గెలిచాక కలాంగారిని ముందుకు పంపారు.

జయపురం_నెట్‌వర్క్: ఈ కథ ప్రతి ట్రైనింగ్‌లోనూ వింటాం. మధ్యలో జరిగిన పని మాత్రం ఎవరూ చెప్పరు. ఇస్రోవాళ్లు కూర్చుని, లోపం ఒక వాల్వు దగ్గర ఉందని తేల్చారు. ధైర్యం వచ్చింది అక్కడినుంచే అని నా అభిప్రాయం. కారణం తేలకుండా "పర్లేదురా" అంటే ఎవడూ నమ్మడు.

కోరాపుట్_కాంట్రాక్ట్: నాకు నచ్చలేదు. డబ్బు పోయింది నిజం. ఎవరినీ ఏమీ అనకపోతే మళ్లీ అదే చేస్తారు.

జయపురం_నెట్‌వర్క్: అన్నా, తెలిసి కూడా హెల్మెట్ పెట్టుకోనివాడిని అనాల్సిందే. ఇక్కడ కుర్రాడు ఆఫీసు మాట విన్నాడు. ఆ రోజు వద్దనే హక్కు అతనికి ఉందా? లేకపోతే తిట్టి ఏం లాభం? మా దగ్గర కట్ ఓవర్ (పాత నెట్‌వర్క్ నుంచి కొత్తదానికి మార్చే పని) ఆపాలంటే ఎవరైనా ఆపొచ్చు, కారణం తర్వాత అడుగుతాం. టయోటా ఫ్యాక్టరీల్లో కార్మికుడు తాడు లాగి లైను ఆపినట్టే.

గజపతి_సూపర్‌వైజర్: ఒక్క మాట. మీటింగ్ తెలుగులో ముగించేయకండి. మా గ్యాంగ్‌లో సగం ఒడియా, కొందరు కుయి మాట్లాడతారు. మనం తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటుంటే, వాళ్లకు కనిపించేది మన మొహాలే. తిడుతున్నారనుకుని మర్నాడు పనికి రారు. ఒడియాలో మేస్త్రీ చేత చెప్పించండి.

రాయగడ_సైట్: మేస్త్రీతో మాట్లాడాను. తర్వాతి సెక్షన్ టెస్టింగ్ ఆ కుర్రాడికే ఇద్దామనుకుంటున్నాను. తొందరేమో?

బరంపురం_రిటైర్డ్: అతనికే ఇవ్వు. బ్లాకు పోసిన తేదీ దానిమీదే పెయింటుతో రాయించు. వారం క్యూరింగ్ కాకుండా పంపు ముట్టుకోనని ఆఫీసుకు మెయిల్ నువ్వు పెట్టు, అతనితో పెట్టించకు. గేజీ దగ్గర అతన్ని ఉండనిచ్చి, నువ్వు కాస్త దూరంగా నిలబడు. భుజం మీదుగా తొంగిచూడకు.

కోరాపుట్_కాంట్రాక్ట్: ఆ మెయిల్‌కి ఆఫీసు ఏమందో కూడా ఇక్కడ రాయండి. నాకు అనుమానమే.