జర్మనీలో ఎంఎస్‌కు 12 లక్షలు సరిపోతాయా?

ప్రశ్న – ఖమ్మం నుంచి ఒక తండ్రి

మా అబ్బాయికి ఆహెన్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎంఎస్ సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు లేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, తర్వాత నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతా) 11,904 యూరోలు, అంటే యూరో 100 రూపాయల లెక్కన సుమారు 12 లక్షలు వేస్తే చాలునని, మిగతాది వాడే పార్ట్‌టైమ్‌లో సంపాదించుకుంటాడని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. మాకు 14 లక్షల పొదుపు, ఊళ్లో రెండెకరాల పొలం ఉన్నాయి. రెండేళ్లకు నిజంగా ఎంత సిద్ధం చేసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు – ఆహెన్ విద్యార్థిని

నమస్కారం అంకుల్. ఆ 12 లక్షలు వీసా కోసం చూపవలసిన ఒక ఏడాది ఖర్చు మాత్రమే. అందులోంచి నెలకు 992 యూరోల చొప్పున వస్తుంది, అదీ సాధారణంగా ఇక్కడ చిరునామా నమోదు చేయించుకుని, బ్యాంకు ఖాతా తెరిచాకే. ఈలోగా గదికి అడ్వాన్సు (చట్టప్రకారం మూడు నెలల అద్దె వరకు అడగవచ్చు), మొదటి నెల అద్దె, 300 యూరోల పైచిలుకు సెమిస్టర్ రుసుము, పరుపు, దుప్పట్లు, చలికోటు అన్నీ ఒకేసారి మీద పడతాయి. కొన్ని ఇళ్లను స్టవ్వు, సింకు కూడా లేకుండా అద్దెకిస్తారు కాబట్టి ఆ సంగతి ముందే అడగాలి. ఏపీఎస్ సర్టిఫికెట్‌కు (మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) 18,000 రూపాయలు, వీసాకు 75 యూరోలు, విమాన టికెట్టు కూడా కలిపితే, బ్లాక్డ్ అకౌంట్ కాకుండా మరో రెండున్నర లక్షలు విడిగా ఉండాలి.

నెలవారీ సొమ్ములో ఆరోగ్య బీమాకే 140 యూరోలకు పైగా పోతుంది. అద్దె 400 దాటితే, ఇంట్లో వండుకుంటేనే గడుస్తుంది. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయడానికి అనుమతి ఉన్నా, జర్మన్ రానివారికి మొదటి సెమిస్టర్‌లో పని దొరకడం కష్టం కనుక ఆ ఆదాయాన్ని సున్నాగానే వేసుకోండి. నివాస అనుమతిని పొడిగించుకునేటప్పుడు ఖర్చులకు డబ్బుందని మళ్లీ చూపించాలి. థీసిస్ వల్ల చాలామందికి చదువు ఐదో సెమిస్టర్‌కు సాగుతుంది. మొత్తానికి 30 లక్షలకు తక్కువ అనుకోవద్దు.

జవాబు – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

ఆ అమ్మాయి చెప్పిన లెక్క సరైనదే, కాబట్టి పొదుపుకు తోడు విద్యా రుణం తీసుకోవలసి వస్తుంది. బాకీ కట్టకపోతే హామీ ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కనుక, పొలాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు; ఇల్లో, ఇళ్ల స్థలమో ఉంటే ఆ కాగితాలు సిద్ధం చేసుకోండి. రుణంతో బ్లాక్డ్ అకౌంట్ నింపితే, అబ్బాయి చేతికి పన్నెండు విడతల్లో వచ్చే సొమ్ముకు మీరు మొదటి రోజు నుంచే మొత్తంగా వడ్డీ కడతారు. పది శాతమైతే నెలకు పదివేలు. మీ పొదుపును మొదటి ఏడాదికి వాడి, రుణాన్ని ఇప్పుడే మంజూరు చేయించుకుని రెండో ఏడాది నుంచి విడతలుగా తీసుకోవడం మేలని నా అభిప్రాయం. సొంత డబ్బు పంపినప్పుడు ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగంపై టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఖమ్మం తండ్రి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఊళ్లో ఇల్లు నా పేరునే ఉంది, సోమవారం బ్యాంకుకు వెళతాను. అమ్మా, గది అడ్వాన్సు ఇక్కడి నుంచే పంపమంటున్నారు, పంపవచ్చా?

ఆహెన్ విద్యార్థిని

గదిని ఎవరూ చూడకుండా, ఒప్పందం లేకుండా పంపవద్దు అంకుల్. విద్యార్థి హాస్టల్‌కు ఈరోజే దరఖాస్తు పెట్టించండి, వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది.