ఎనిమిది వాటాలు, ఒకటే మీటరు: అద్దెకున్నవాళ్ళం సంఘం పెట్టుకోవచ్చా?

మేడమీదగది (భీమవరం): ఒకే మేడలో ఎనిమిది వాటాలు. ఎక్కువమంది రొయ్యల ప్లాంట్లలో షిఫ్టు పనివాళ్ళు. రసీదుల్లేవు. కరెంటు మీటరు అందరికీ ఒకటే, సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి 10 రూపాయలు తీసుకుంటున్నారు. వచ్చే నెల నుంచి వాటాకి వెయ్యి పెంచుతారట. సంఘంగా రిజిస్టర్ అయితేనే అడగాలా, ఊరికే కలిసి అడిగినా చెల్లుతుందా?

గూడెం ప్లీడరు: ముందు అద్దె కాగితం తియ్యండి. 11 నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది వేరే చాలా రాష్ట్రాల మాట. 1999 సవరణ దగ్గర్నుంచి మన దగ్గర ఎంత గడువుకి రాసుకున్నా రిజిస్టర్ చెయ్యాల్సిందే. చెయ్యకపోతే అందులో షరతులు కోర్టులో నిలబడవు. మీరు అద్దెకున్నారనడానికి మాత్రం పనికొస్తుంది. అప్పుడది నెలసరి అద్దె కింద లెక్క, 15 రోజుల నోటీసుతో రద్దవుతుంది. రద్దయిందని సామాను వీధిలో పెట్టేస్తానంటే కుదరదు.

కాలవగట్టు (పాలకొల్లు): కాగితం తర్వాత, మీటరు సంగతి చూడండి. వాటాకి 100 యూనిట్లనుకుందాం. విడి మీటరైతే మొదటి 30కి 1.90, తర్వాతి 45కి 3, మిగతా 25కి 4.50. మొత్తం 304.50. ఎనిమిదిళ్ళకీ 2436. అదే 800 యూనిట్లూ ఒక మీటరు మీద తిరిగితే 225 దాటినవి 8.75, 400 దాటినవి 9.75 శ్లాబులో పడి 6448 అవుతుంది. స్థిర ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ కాక. మీ దగ్గర వసూలయ్యేది 8000.

ఇంటాయన: బాగుందండీ లెక్క! మోటారు కరెంటు, మెట్ల లైట్లు ఎవడి ఖాతా? ఏప్రిల్లో కాలవలు కట్టేశాక ట్యాంకరు ఎవడు తెప్పిస్తాడు?

కాలవగట్టు: మోటారు గంటకి ఒక యూనిట్, రోజుకి రెండు గంటలు వేసుకోండి. నెలకి 60 యూనిట్లు, 9.75 చొప్పున 585. ఇంకా 967 మిగిలింది. మెట్ల లైట్లు అంత తాగుతాయా?

ఇంటాయన: ఎనిమిది మీటర్లు పెట్టించే ఖర్చు మీరిస్తారా? ఊరికే కూర్చుని గుణకారాలు చెయ్యడం తేలికే.

కాలవగట్టు: వైరింగ్ వాటా వాటాకీ విడిగా ఉండాలి, లేకపోతే డిపార్టుమెంటువాళ్ళు ఇవ్వరు. ఆ ఖర్చు ఇంటిదే, ఇల్లు మీది కదా. మీరు ఒప్పుకోకపోయినా అద్దెకున్నవాళ్ళు పూచీకత్తు బాండు రాసిచ్చి, డిపాజిట్ ఎక్కువ కట్టి అడగొచ్చు.

లంకగాలి (అమలాపురం): కరెంటు సరే, అడ్వాన్సులో కోత సంగతి ఎవరూ ఎత్తరేం? ఖాళీ చేసేటప్పుడు సున్నం, రంగు అని సగం మింగేస్తారు.

మేస్త్రి: ఈ డెల్టాలో గోడల సంగతి నన్నడగండి. కింద నుంచి మూడడుగుల దాకా ఉప్పు పొంగి సున్నం రాలిందంటే అది కాపురమున్నవాళ్ళ తప్పు కాదు. పునాది మీద చెమ్మ ఆపే పొర వెయ్యలేదు, లేదా ఉప్పు బోరు నీళ్ళతో కట్టారు. మీద ఎన్ని కోట్లు వేసినా ఏడాదిలో మళ్ళీ పొంగుతుంది. చేరిన రోజే నాలుగు గోడలకీ తేదీ పడేలా ఫొటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పెట్టండి.

గోదారోడు: పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్ళన్నీ ఇచ్చేస్తే ఈ గోలే ఉండదు.

గూడెం ప్లీడరు: 300, 365, 430 చదరపుటడుగుల ఆ ఇళ్ళు సొంతానికి, అద్దెకి కావు. అద్దె ఇళ్ళ పథకం వేరు, కేంద్రం 2020లో తెచ్చింది. ప్లాంటు యాజమాన్యాలు తమ స్థలంలోనే పనివాళ్ళకి కట్టొచ్చు.

లంకగాలి: అంటే పని పోయిన రోజే ఇల్లూ పోతుంది. మహా ఉపకారం!

గూడెం ప్లీడరు: చట్టం చెప్పాను, మెచ్చుకోమనలేదు.

మేడమీదగది: అయ్యా, సంఘం?

తణుకు సంఘం: 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. ఉత్తరం రాయడానికి అదీ అక్కర్లేదు. రసీదు, విడి మీటరు, పెంపుకి కారణం, ఈ మూడే అడగండి. నాలుగోది కలిపితే దాని మీదే చర్చ నడుస్తుంది. అందిన రుజువు వచ్చేలా పోస్టులో పంపండి. అద్దె మాత్రం ఒక్కరూ ఆపొద్దు, ఆపితే బాకీదారు కింద బయటికి పంపుతారు. పాత అద్దే ఫోన్‌పేలో ఏ నెలదో రాసి వెయ్యండి. తీసుకోకపోతే మనియార్డరు. ఒక్కోదానికి పరిమితి ఉంటుంది, కమిషను పడుతుంది. అద్దె అంతకి మించితే రెండు ఫారాలు. తిరిగొచ్చిన కాగితమే మీ సాక్ష్యం. సంతకాలు గుండ్రంగా పెట్టించండి. వరసగా పెడితే పైనున్నవాడికే ముందు నోటీసు వస్తుంది.

మేడమీదగది: ఆరో వాటా ఆయన ఓనరుగారి మేనల్లుడండి.

తణుకు సంఘం: ఏడుగురు చాలన్నాను కదండీ.