పచ్చళ్ల సైట్‌కి లింకులు కొనమంటున్నారు, కొననా వద్దా?

మలక్‌పేట అమ్మాయి
అమ్మ చేసే పచ్చళ్లకి రెండేళ్ల కింద సైట్ పెట్టాం. వేసవిలో ఆర్డర్లు బాగానే వస్తాయి, మిగతా రోజుల్లో రోజుకి రెండో మూడో. అమీర్‌పేట్‌లో ఒక ఏజెన్సీ వాళ్లు 25 వేలకి 40 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మా సైట్‌కి వచ్చే లింకులు) పెడతాం, మూడు నెలల్లో గూగుల్ మొదటి పేజీలో ఉంటారు అంటున్నారు. శాంపిల్‌గా ఒక లింక్ పంపారు. తెరిచి చూస్తే అది ఒకప్పుడు ఏదో ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్ సైట్. పైన ఫెస్ట్ పేరు అలాగే ఉంది, కింద ఒక పేరా ఆన్‌లైన్ క్యాసినో గురించి, దాని కింద పర్సనల్ లోను, ఆ తర్వాత ఎవరిదో చీరల షాపు. అక్కడే మా గోంగూర కూడా పెడతారట. ఇది గూగుల్‌కి తెలిస్తే ఏమవుతుంది? చేసి చూసినవాళ్లు చెప్పండి.

లింక్ మాస్టర్
ఎనిమిదేళ్లుగా నా పని ఇదే చెల్లీ, భయపడాల్సిందేం లేదు. 2016 సెప్టెంబర్‌లో పెంగ్విన్ 4.0 (చెత్త లింకుల్ని పట్టే గూగుల్ ప్రోగ్రాం కొత్త వెర్షన్) వచ్చాక గూగుల్ చెత్త లింకుల్ని లెక్కలోంచి తీసేస్తోంది, అంతేగానీ సైట్‌ని కిందకి తొయ్యట్లేదు. పనిచేస్తే ఆర్డర్లు, పనిచేయకపోతే 25 వేలు పోతాయి. పేపర్లో యాడ్ ఇచ్చినా డబ్బు పోతుంది, దానికెవరు గ్యారంటీ ఇస్తున్నారు? క్యాసినో పక్కన పచ్చడి పెట్టడం మాత్రం నాసిరకం పని. వంటల సైట్లున్న నెట్‌వర్క్ అడగండి.

దిల్‌సుఖ్‌నగర్ సార్
వద్దమ్మా. మా చెల్లెలికి చీరల సైట్ ఉండేది. 2011లో ఒకాయన ఇలాగే డైరెక్టరీల్లో, బ్లాగు కామెంట్లలో వందల లింకులు పెట్టాడు, ఆరు నెలలు మొదటి పేజీలో ఉంది, ఇంకో ఇద్దరు అమ్మాయిల్ని పనిలో పెట్టుకుంది. 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ వచ్చింది. వారంలో ఫోన్ మోగడం ఆగిపోయింది. మెసేజ్ రాదు, ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియదు. అక్టోబర్‌లో, ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పుకునే డిజావో టూల్ వచ్చాక ఒక్కో లింకూ నేనే ఎక్సెల్‌లో రాసి పంపించా. అయినా ఆ రోజుల్లో గూగుల్ పెంగ్విన్‌ని మళ్లీ నడిపితేగానీ సైట్ లేవదు. 2013 పోయింది, 2014 అక్టోబర్ పోయింది. అప్పటికి ఆ అమ్మాయిల్ని మానిపించేసింది, షాపు కూడా మూసేసింది.

లింక్ మాస్టర్
సార్, బాధగా ఉంది, కానీ మీరు చెప్పేది 2012 సంగతి. నేను చెప్పేది 2016 తర్వాత. ఇప్పుడు లింకుల్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది అన్నా కదా, అది తప్పని చూపించండి.

దిల్‌సుఖ్‌నగర్ సార్
మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష, ఎక్కడికీ పోలేదు తమ్ముడూ. సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో దానికి వేరే పేజీయే ఉంది, అసహజ లింకులు అని మెసేజ్ వస్తుంది, అవన్నీ తీసేసి పునఃపరిశీలనకి అర్జీ పెట్టుకోవాలి. పైగా 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నియమాల్లో పేరుపెట్టి మరీ చేర్చింది, గడువు తీరిన డొమైన్లు (సైట్ పేర్లు) కొని ర్యాంకుల కోసం వాడుకోవడం తప్పని. ఆ ఫెస్ట్ సైట్ అచ్చంగా అదే.

కూకట్‌పల్లి 72
మాన్యువల్ యాక్షన్ చిన్న సైట్లకి ఎంతమందికి వస్తుందన్నా? నాకైతే రాలేదు.

లింక్ మాస్టర్
అదే కదా. వచ్చినా ప్రపంచం మునిగిపోదు. 2006లో జర్మనీ బీఎండబ్ల్యూ సైట్‌ని డోర్‌వే పేజీలు (గూగుల్‌ని మోసం చెయ్యడానికే పెట్టిన పేజీలు) పెట్టారని గూగుల్‌లోంచి పీకేశారు, కొద్ది రోజుల్లో తిరిగొచ్చింది. 2011లో అమెరికా షాపుల కంపెనీ జేసీ పెన్నీ కొన్న లింకులతో దొరికిపోయింది, దాదాపు మూడు నెలల్లో వచ్చేసింది. 2013 క్రిస్మస్‌కి పాటల సాహిత్యం పెట్టే సైట్ రాప్ జీనియస్‌ని కొట్టారు, పది రోజుల్లో లేచింది. తప్పు చేసి దిద్దుకుంటే గూగుల్ క్షమిస్తుంది, ఇవి నేను కల్పించి చెప్పేవి కావు.

దిల్‌సుఖ్‌నగర్ సార్
బీఎండబ్ల్యూ అని కొడితే బీఎండబ్ల్యూ రాకపోతే తప్పు గూగుల్ మీద పడుతుంది, అందుకే త్వరగా తెచ్చి పెడతారు. మా చెల్లెలి షాపు పేరు వెతికేది ఎవరు? దిల్‌సుఖ్‌నగర్ చీరలు అని వెతుకుతారు, మేం లేకపోతే ఇంకో యాభై షాపులు కనిపిస్తాయి. మేం లేమన్న సంగతే ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ల కథ చెప్పి చిన్నవాళ్లకి ధైర్యం నూరిపోయకు.

నిజాంపేట్ డెవలపర్
అమ్మా, ముందు సైట్ ఫోన్‌లో తెరవడానికి ఎంతసేపు పడుతోందో చూడండి, సగం ఆర్డర్లు అక్కడే పోతుంటాయి.

లింక్ మాస్టర్
సార్, ఒక్కటి అడుగుతా. నిజాయితీగా చేస్తే ఎన్నాళ్లు పడుతుంది? ఆర్నెల్లు, ఏడాది. 2019లో ముగ్గురు క్లయింట్లకి ఆ మాటే చెప్పా. ముగ్గురూ నెల తిరక్కుండా లింకులు కొనేవాడి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ నెల ఆఫీసు అద్దె కట్టలేక అమ్మ గాజులు తాకట్టు పెట్టా. మీరు జీతం తీసుకుంటూ నీతులు చెప్తున్నారు. క్లయింట్ అడిగేది మొదటి పేజీ, ఎలా తెచ్చావని ఎవడూ అడగడు.

దిల్‌సుఖ్‌నగర్ సార్
అడగరు సరే, నువ్వు చెప్తావా? ఇలా కొన్న లింకులు పెడుతున్నా, పట్టుబడితే నీ సైట్ పోతుంది అని సంతకం పెట్టించేముందు ఏ ఒక్క క్లయింట్‌కైనా చెప్పావా?

లింక్ మాస్టర్
చెప్పను. చెప్తే ఎవడు సంతకం పెడతాడు?

దిల్‌సుఖ్‌నగర్ సార్
ఇన్ని పోస్టుల నుంచి నేను కొట్టుకుంటున్నది దీని గురించే! పెంగ్విన్ ఏం చేస్తుంది, మాన్యువల్ యాక్షన్ ఎందరికి వస్తుంది, ఇవన్నీ తర్వాత. నీ సొంత సైట్‌తో ఏ ప్రయోగమైనా చేసుకో, నేను ఒక్క మాట అనను. అది కాలిపోతే వెయ్యి రూపాయలు పెట్టి ఇంకో డొమైన్ కొంటావు. మా చెల్లెలికి ఆ వీలు లేదు, ఆమె పేరే ఆ డొమైన్. ఆ లింకులు పెట్టినవాడికి పోయిందేంటి? ఫీజు తీసుకున్నాడు, నంబర్ మార్చేశాడు.

లింక్ మాస్టర్
నేను నంబర్ మార్చలేదు సార్. ఒకరి సైట్ పడిపోతే నాలుగు నెలలు డబ్బు తీసుకోకుండా లింకులు తీయించా. నన్ను అతనితో కలపొద్దు.

దిల్‌సుఖ్‌నగర్ సార్
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నాలుగు నెలలు నువ్వు ఊరికే చేశావు, ఒప్పుకుంటా. ఆ నాలుగు నెలలూ అతనికి వ్యాపారం ఎలా నడిచిందో అడిగావా?

కూకట్‌పల్లి 72
ఈ మాటకి జవాబు కావాలి అన్నా.

మలక్‌పేట అమ్మాయి
అందరికీ థాంక్స్. నిజాంపేట్ గారు, ఫోన్‌లో తెరిస్తే తొమ్మిది సెకన్లు పట్టింది, ఫొటోలన్నీ కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించేశాం, ఈ రాత్రికి తగ్గిస్తా. లింక్ మాస్టర్ అన్నా, మా సీసాల లేబుల్ మీద సైట్ పేరే పెద్ద అక్షరాల్లో ఉంది, పోయిన నెల రెండు వేల లేబుళ్లు కొట్టించాం, పచ్చళ్ల డబ్బాల పక్కనే కట్టలుగా పెట్టి ఉన్నాయి. అమీర్‌పేట్ వాళ్లకి ఇందాకే ఫోన్ చేసి, 40 సైట్ల పేర్లూ బిల్లు మీద రాయండి, మా సైట్ పడిపోతే ఈ లేబుళ్ల ఖర్చు మీదే అని కూడా రాయండి అన్నా. మేనేజర్‌ని అడిగి చెప్తామన్నారు. అదే మీరైతే రాసిస్తారా?

లింక్ మాస్టర్
రాసివ్వను చెల్లీ.