మాత్రతో తగ్గుతుంది, మర్నాడు మళ్ళీ మొదలు: ఈ తలనొప్పి ఎందుకు?

కవిత_ఖమ్మం:
మా అక్కకి 38 ఏళ్లు. మొదట్నించీ పార్శ్వపు నొప్పి ఉంది, నెలకి రెండు మూడుసార్లు వచ్చేది. ఆర్నెల్లుగా దాదాపు రోజూ, నిద్ర లేవగానే వస్తోంది. శారిడాన్ వేసుకుంటే కొన్ని గంటలు హాయి. బీపీ, కళ్లు చూపించాం, బాగానే ఉన్నాయన్నారు. స్కానింగ్ తీయించాలా?

నాడీ_విభాగం:
ముందు ఒక లెక్క తేల్చండి. ఎన్ని మాత్రలని కాదు, నెలలో ఎన్ని రోజులు మాత్ర పడుతోందని. ఉత్త పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ అయితే 15 రోజులు. కలగలుపు మాత్రలు (ఒకే మాత్రలో రెండు మూడు మందులు ఉండేవి), పార్శ్వపు నొప్పికే వాడే ట్రిప్టాన్లు, ఎర్గోటమైన్ అయితే 10 రోజులే హద్దు. ఆ హద్దు దాటి మూడు నెలలకు పైగా వాడుతూ, నెలలో 15 రోజులైనా తల నొస్తుంటే ఆ మాత్రే నొప్పి తెస్తోందని అనుమానించాలి. రోజూ మందు పడేకొద్దీ మెదడులో నొప్పిని మోసే నాడులు ఇంకా సున్నితమైపోతాయి. విచిత్రం ఏంటంటే, తలనొప్పి తత్వం లేనివాళ్లు కీళ్లనొప్పులకి రోజూ ఇవే మాత్రలు మింగినా సాధారణంగా ఇలా అవదు.

మందుల_బల్ల:
శారిడాన్ కలగలుపు మాత్రే: పారాసిటమాల్ 250, ప్రొపిఫెనజోన్ 150, కెఫీన్ 50 మి.గ్రా. కాబట్టి మీ అక్కగారికి హద్దు 10 రోజులు. పైగా కాఫీ, టీ కూడా కలిపి కెఫీన్ రోజుకి 200 మి.గ్రా. దాటితే, అది అందని పూట కూడా తలనొప్పి వస్తుంది. రాత్రంతా మందూ కెఫీనూ ఒంట్లో తగ్గిపోతాయి కదా, లేవగానే నొప్పి రావడానికి అదొక కారణం.

నాడీ_విభాగం:
దీనికి దారి ఆ మాత్ర ఆపడమే. ఆపాక 2 నుంచి 10 రోజులు నొప్పి ముదురుతుంది, వాంతులు కూడా కావచ్చు. చాలామంది మూడో రోజు ఓర్చుకోలేక మళ్ళీ మాత్ర వేస్తారు, అక్కడే చెడుతుంది. అందుకే ఆపే వారం డాక్టరుగారికి ముందే చెప్పి, వాంతులకి మందు రాయించుకోండి. పారాసిటమాల్, శారిడాన్ లాంటివి ఒక్కసారే మానొచ్చు. ట్రమడాల్, కోడీన్ లాంటి గట్టి నొప్పి మందులు, నిద్రమాత్రలు ఉంటే మాత్రం సొంతంగా ఆపొద్దు, మెల్లగా తగ్గించాలి. తలనొప్పి అసలు రాకుండా చూసేందుకు డాక్టరు రాసే మందు (ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ వంటివి) పనిచేసిందో లేదో తేలడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, పది రోజులకే మానేయకండి. ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ కూడదు, ముందే చెప్పండి. తర్వాత కూడా నొప్పి మాత్ర వారానికి రెండు రోజులు దాటొద్దు.

స్కానింగ్ సంగతి: ఒక్కసారిగా పిడుగులా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలో చెయ్యో పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి. 50 ఏళ్లు దాటాక తలనొప్పి కొత్తగా మొదలైనా చూపించాల్సిందే. అవేవీ లేకపోతే ముందు తలనొప్పి వచ్చిన రోజులు, మాత్ర వేసిన రోజులు క్యాలెండర్‌లో నెల పాటు రాసి తీసుకెళ్లండి. స్కాన్ కావాలో లేదో పరీక్ష చేశాక డాక్టరు చెప్తారు.